అడుగు పొర

నీలం రంగు కలిపిన ఉప్పునీళ్లు గరాటులోంచి ఒక్క ఉదుటున ప్యాడ్ మీద పడ్డాయి. పడ్డచోట క్షణం సేపు మడుగు కట్టి, ఎవరో లోపల్నుంచి పిలిచినట్టు గభాల్న దిగిపోయాయి. ఆమె స్టాప్‌వాచ్ నొక్కింది. పైన వడపోత కాగితాలు పేర్చి, వాటి మీద ఇనుప దిమ్మ పెట్టి, కాసేపాగి తీసింది. కాగితాల మీద గోరంత నీలం మరక కూడా లేదు. ఇంకెవరైనా అయితే సంతోషించేవాళ్లు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఇక్కడేమో బుద్ధిమంతురాలివి," అంది ప్యాడ్‌తో, పళ్లు బిగించి. "మా అక్క దగ్గరికి వెళ్లేసరికి ఏం పుడుతుంది నీకు?"

ఆ కంపెనీలో ఆమె ఉద్యోగం పొరలు పేర్చడం. మూత్రం ఆపుకోలేని పెద్దవాళ్లు వాడే ప్యాడ్‌లు అక్కడ తయారవుతాయి. చూసేవాళ్లకు అదొక తెల్లటి మెత్త. ఆమెకు మాత్రం నాలుగంతస్తుల ఇల్లు. అన్నిటికన్నా పైన ఒంటికి తగిలే పల్చటి పొర. పడినదాన్ని కిందికి వదిలేయడమే దాని పని, తన దగ్గర ఏదీ ఉంచుకోకూడదు. దాని కింద పంచే పొర; ఒకేచోట పడినదాన్ని ముందుకూ వెనక్కూ పరుస్తుంది. ఆ కింద గుండె, అంటే చెక్క గుజ్జు, దాని మధ్య పంచదార పలుకుల్లాంటి జెల్ గింజలు. తడి తగిలితే అవి ఉబ్బుతాయి, తాగినదాన్ని మళ్లీ కక్కవు. అట్టడుగున ప్లాస్టిక్ పొర, చుక్క కూడా దాటనిది. రెండు పక్కలా ఎలాస్టిక్‌తో నిలబడే చిన్న గోడలు.

ఏ పొరకు ఆ పొర మంచిదే. పేచీ అంతా ఒకదాన్నుంచి ఇంకోదానికి అందడంలోనే. పంచే పొర బద్ధకించిందంటే నడిమి గింజలు ఆబగా తాగి, ఉబ్బి, దారికి అడ్డంగా కూర్చుంటాయి. పక్కనున్న గింజలు ఎండిపోయి ఎదురుచూస్తున్నా వాటికి ఏమీ అందదు. మనుషుల గురించి తెలిసినదానికన్నా ఈ గింజల గురించి ఆమెకు తెలిసింది ఎక్కువ. ఆ సంగతి ఆమెకూ తెలుసు. దానికి విచారించడం మానేసి చాలా కాలమైంది.

"ఏమ్మా, మీ అక్కగారు పాసయ్యారా?"

వెనక నిలబడింది డిపార్ట్‌మెంటు హెడ్. ఆయన్ను చాటున అందరూ మిల్లీమీటర్ గారు అంటారు. ఏ ప్యాడ్ చేతికిచ్చినా రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి, ఇంకొక్క మిల్లీమీటర్ తగ్గిద్దాం అనడం ఆయన అలవాటు. "మీ అక్కగారు" అన్నది బల్ల చివర ఉన్న ఇసుక మూట. చదును పలక మీద పరీక్షలు చేసి లాభం లేదని, ఆమె కారు సీటులా వంపు తిరిగిన స్పాంజి దిమ్మ చేయించింది. దాని మీద ప్యాడ్ పరిచి, పైన ఇసుక మూట కూర్చోబెట్టి, దాని నడుమ ఉన్న గొట్టంలోంచి ఒక్కసారిగా నీళ్లు వదిలేది. ల్యాబ్‌లో వాళ్లు ఆ మూటకు అక్కగారు అని పేరు పెట్టేశారు. అక్కగారు కూర్చున్నారా, అక్కగారు లేచారా అని పొద్దస్తమానం ఒకటే నవ్వులు.

"పాసయింది సార్," అంది ఆమె.

"ఇంకేం? ఆ పంచే పొర తీసేసి ఇంకోసారి చూడు. పల్చగా ఉంటేనే జనం కొంటారు."

"తీసేస్తే పల్చగానే ఉంటుంది సార్. కారుతుంది కూడా."

"కారుతుందని ఎవరన్నారు?"

"మా అక్క. ఇప్పుడున్నదే కారుతోందట."

"మూటా, మనిషా?"

"మనిషి."

"ఒక్క మనిషి మాట మీద ఫ్యాక్టరీ నడవదమ్మా," అని ఆయన వెళ్లిపోయాడు. పోనీ ఆయన తప్పు చెబుతున్నాడా అంటే అదీ కాదు. ఆమెను తినేస్తున్నది అదే.

అక్క డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. నేర్పేది. గర్భసంచి ఆపరేషన్ తర్వాత ఒళ్లు కోలుకుంది గానీ పట్టు తిరిగి రాలేదు. దగ్గితే కారుతుంది, తుమ్మితే కారుతుంది. అన్నిటికన్నా ఘోరం బ్రేకు. నేర్పేవాళ్ల కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు గోడ మీదికో మనిషి మీదికో పోనిస్తుంటే అక్క దాన్ని బలంగా తొక్కాలి. తొక్కిన ప్రతిసారీ పొత్తికడుపు బిగుసుకుని గుక్కెడు బయటికి వచ్చేస్తుంది. మళ్లీ పనిలో చేరిన కొత్తలోనే, ఒక బ్యాంకు ఆఫీసరుకు పాఠం చెప్పి దిగుతుంటే సీటు మీద మరక కనిపించింది. ఆయన మర్యాదస్తుడు. చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు. ఆ తిరగడమే అక్కను ఇంట్లో కూర్చోబెట్టింది. వెక్కిరించి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేది.

స్కూలు ఓనరు చాలా ఓపిక పట్టాడు. ఇప్పుడు కబురు పంపాడు: సోమవారం వస్తే సరే, లేకపోతే కారు ఇంకొకరికి అప్పజెప్పేస్తానని. ఆ కారు పోతే అక్క మరి గడప దాటదని ఆమెకు తెలుసు. ఈ నెలల్లో అక్క నడకే మారిపోయింది. గదిలోంచి గదిలోకి వెళ్లేటప్పుడు కూడా కుర్చీల వైపు అనుమానంగా చూసుకుంటూ నడిచేది. ఇంజను చప్పుడు మీదుగా అరిచి అరిచి పదునెక్కిన గొంతు గొణుగుడులోకి దిగిపోయింది. "పెళ్లయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఎరగనమ్మా, ఎవరింటికో వచ్చినట్టుంది," అన్నాడు బావ ఒకసారి. హాస్యమాడబోయి మధ్యలోనే ఆపేశాడు.

ఆమె చేయగలిగినదల్లా చేసింది. పంచే పొర మార్చింది. గోడలు ఎత్తు పెంచింది. గింజలను నడుమ తగ్గించి చివరలకు జరిపింది. చేసిన ప్రతిదాన్నీ అక్కకు ఇచ్చేది. ఇంట్లోనే కుర్చీలో కూర్చుని, దగ్గి, లేచి కూర్చుని అక్క వాటిని వాడి చూసేది. వాడినదాన్ని కవరులో కట్టి, మొహం పక్కకు తిప్పుకుని చేతికిచ్చేది. ల్యాబ్‌లో తూచి చూస్తే సగం కూడా నిండి ఉండదు. మరి బట్టలెలా తడిశాయి? నిండని కుండ పొర్లడమేమిటి? ఆ లెక్క ఎంత తన్నుకున్నా తేలేది కాదు. అద్దం ముందు పళ్లు తోముకుంటున్నా అదే ఆలోచన. చివరికి ప్యాడ్ తన మీద పగబట్టిందనే స్థితికి వచ్చింది.

ఎలా పెట్టుకుంటున్నావు, ఒక్కసారి చూపించు అని అడిగి ఉండాల్సింది. అడగలేదు. చిన్నప్పుడు ఆమె చాలా ఏళ్లు పక్క తడిపేది. అమ్మ లేవకముందే అక్క లేచి దుప్పటి మార్చి, తడిసినదాన్ని బకెట్లో నానబెట్టి, మళ్లీ వచ్చి పడుకునేది. దాని గురించి ఇద్దరూ ఎన్నడూ ఒక్క మాట అనుకోలేదు. ఆ అనుకోకపోవడమే వాళ్ల మధ్య ప్రేమగా స్థిరపడిపోయింది. పగను కదిలించవచ్చు గానీ, అలా స్థిరపడినదాన్ని కదిలించాలంటే చెయ్యి రాదు. అందుకే అక్క కవరు ఇచ్చేది, ఆమె పుచ్చుకునేది, ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకునేవారు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి పరీక్ష పెట్టుకున్నారు. ఓనరు దగ్గర కారు అడిగి తెచ్చింది అక్క. గిడ్డంగుల వెనక ఖాళీ స్థలం. స్టీరింగు ముందు ఆమె, పక్క సీటులో అక్క. ఆమెకు కారు నడపడంలో ఓనమాలు కూడా రావు. అదే కావాలి కూడా.

"క్లచ్ తొక్కు. అది బ్రేకే తల్లీ. క్లచ్ ఎడమది. ఎడమ కుడి తెలుసా, లేక మీ ల్యాబ్‌లో అవి ఉండవా?"

"అరవకక్కా."

"అరవకుండా కారు నేర్పడం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. వదులు. నెమ్మదిగా వదలమన్నాను, కోపమొచ్చినదానిలా తన్నమన్నానా?"

కారు గెంతింది. ఆమెకు చెమటలు పోస్తున్నా లోపల ఒకటే సంబరం. పాత గొంతు తిరిగొచ్చింది. ఆ సంబరంలో స్టీరింగు సంగతి మరచిపోయింది. కారు గిడ్డంగి గోడ మీదికి వచ్చేసింది. అక్క బ్రేకు తొక్కింది. ఇద్దరూ ముందుకు తూలారు.

"చంపుతావే నన్ను! పద, మళ్లీ."

మళ్లీ గోడ, మళ్లీ బ్రేకు. ఆ తర్వాత ఇంకోసారి. ఈసారి అక్క తిట్టలేదు.

"ఇంజను ఆపు," అంది.

దిగింది. సీటు మీద పరిచిన తువ్వాలు మీద అరచెయ్యంత తడి. అక్క దాన్ని మడిచి, మడతను మళ్లీ మడిచి, సంచిలో కుక్కింది.

"అయిపోయింది. ఓనరుకి ఫోన్ చేసి చెప్పేస్తాను."

"నాకర్థం కావట్లేదక్కా. పరీక్షల్లో ఇది ఒక్కసారి కూడా..."

"నీ పరీక్షలు తీసుకెళ్లి ఆ ఇసుక మూటకే కట్టు. అది దగ్గదు, తుమ్మదు, దానికి సిగ్గూ లేదు."

"నువ్వు సరిగ్గా పెట్టుకోవట్లేదేమో!" ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అన్ని నెలల తర్వాత, అడగాల్సిన ప్రశ్న నిందగా బయటపడింది.

"నాకు పెట్టుకోవడం రాదా?" అక్క గొంతు గిడ్డంగి గోడకు కొట్టుకుని తిరిగొచ్చింది. "ఒకటి కాదే, రెండు పెట్టుకున్నాను! రెండు కలిసి కూడా ఆపలేకపోయాయి, నువ్వు చేసిన గొప్ప ప్యాడ్‌లు!"

ఆమె కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"రెండా?"

"రెండే."

"ఒకదాని మీద ఒకటా?"

"మరి తల మీద ఒకటి పెట్టుకుంటానా?"

"మొదట్నుంచీనా?"

అక్క సంచి భుజానికి తగిలించుకుంటూ తలూపింది.

"మరి నాకు ఒక్కటే ఇచ్చేదానివి కదా!"

"కిందిది ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేది. అంచులు కాస్త తడిసేవి, అంతే. దాన్ని నీకిచ్చి ఏం చెయ్యను? పైగా..." అక్క సంచి పట్టీ వేలికి చుట్టుకుంది. "రెండు పెట్టుకున్నానని తెలిస్తే, నీ పని మీద నాకు నమ్మకం లేదనుకుంటావని."

ఆమెకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు. ఆ రెండూ అణిగాక మిగిలింది కోపం. ఎవరి మీదో తెలియనందువల్ల అది అన్నిటి మీదా పాకింది: స్పాంజి దిమ్మ మీద, గరాటు మీద, ఎత్తు పెంచిన గోడల మీద, వాతావరణం గురించి మాట్లాడుకున్న ప్రతి సాయంత్రం మీద. ఇన్ని నెలలూ ఆమె లేని జబ్బుకు మందు నూరింది.

అక్క ఇంటికి రాగానే వంటింటి బల్ల మీద రెండు ప్యాడ్‌లు ఒకదాని మీద ఒకటి పరిచింది. గ్లాసుతో నీళ్లు వంచింది. పైదాన్ని ఎత్తి అక్క చెయ్యి లాగి కిందిదాని మీద పెట్టింది. పొడి.

"చూశావా? పైదాని అడుగున ప్లాస్టిక్ ఉంది. దాన్ని దాటి చుక్క దిగదు. కిందిది ఉన్నా లేనట్టే. అంతే కాదు, కిందిదాని గోడల మీద పైది ఎక్కి కూర్చుంటే ఒంటికి ఆనుకోదు, పక్కన సందు వస్తుంది. నువ్వు బ్రేకు తొక్కినప్పుడు ఒక్కసారిగా వచ్చింది లోపలికి ఇంకేలోపే ఆ సందులోంచి జారిపోతుంది. రెండు పెట్టుకోవడం వల్లే కారుతోందక్కా! ఒక్కటి పెట్టుకుని ఉంటే ఈపాటికి ఎంతమందికో కారు నేర్పి ఉండేదానివి."

అక్క పొడి ప్యాడ్‌ను వేళ్లతో తడిమి చూసింది.

"అర్థమైంది," అంది.

"అమ్మయ్య."

"అయినా ఒక్కదానితో నేను వెళ్లను."

"అర్థమైందన్నావు కదా!"

"అయింది. నువ్వు చెప్పింది నిజమే. కానీ ఒక్కటే ఉందంటే నా ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. పక్కవాడు లారీ కిందికి పోనిస్తున్నా చూడను. రెండోది ఉందనుకుంటేనే నా తల రోడ్డు మీదికి వస్తుంది. నన్నేం చెయ్యమంటావు?"

"నేను చెప్పింది నమ్మమంటాను."

"నమ్ముతూనే ఉన్నాను. నా ఒళ్లు నమ్మట్లేదు."

గుమ్మంలో బావ తల పెట్టి, "టీ పెట్టనా?" అన్నాడు.

"వద్దు!" ఇద్దరూ ఒకేసారి అరిచారు. తల వెనక్కి వెళ్లిపోయింది.

ఆమె తన అద్దె గదికి తిరిగొచ్చి చెప్పులు ఒకటి ఒక మూలకీ ఇంకోటి ఇంకో మూలకీ విసిరింది. ఎంత మొండితనం! కళ్లతో చూసి, చేత్తో తాకి, ఇంకా కాదంటే ఏం చేస్తాం? మంచం మీద పడుకుని అక్కను ఒప్పించే వాదనలు పేర్చుకుంది, ఒకదాన్ని మించి ఒకటి. వాటి మధ్య ఎక్కడో, తనకు కావలసింది అక్క కారెక్కడం కాదనీ, తను చెప్పింది నిజమేనని అక్క ఒప్పుకోవడమనీ తట్టింది. తట్టినది రుచించలేదు. పక్కకు తిరిగి పడుకుంది. అటువైపు కూడా అదే ఉంది.

ఆదివారం పొద్దున్నే, ల్యాబ్ నుంచి తెచ్చుకున్న డబ్బాలోంచి పొరల ముక్కలు తీసి బల్ల మీద పరుచుకుంది. మొదట ఒక ప్యాడ్ అడుగు పొర ఊడదీయబోయింది. జిగురు గీతలతో పాటు గుండె కూడా చిరిగి, గింజలు నేలంతా దొర్లాయి. ఇంకోదాని అడుగున సూదితో బెజ్జాలు పొడిచింది. తడి తగలగానే గింజలు ఉబ్బి బెజ్జాలను మూసేశాయి. కింద పెట్టిన ప్యాడ్‌కు నాలుగు చుక్కలు అందాయి, అంతే. ఆమె బల్లను తన్నింది. బల్లకేం కాలేదు.

చివరికి ఏదీ ఊడదీయకుండా మొదట్నుంచీ కట్టుకొచ్చింది. గింజలు చిటికెడు, గుజ్జే ఎక్కువ. పైన పల్చటి పొర, కిందా అదే పొర. ప్లాస్టిక్ లేదు. వెడల్పు తగ్గించింది, కింది ప్యాడ్ గోడల మధ్య ఇమిడి కూర్చునేలా. అంచులు అతకడానికి మెషిను లేదు. ఇస్త్రీపెట్టె కొసతో ఒత్తింది. పొర కాస్త కరిగి అంటుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో కారకుండా ఉండేవే చేసింది. కారడానికే ఒకటి చేస్తుంటే చేతులు మొండికేశాయి.

సోమవారం పొద్దున దాన్ని చేతిలో పెడితే అక్క అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటే, ఇంత బక్కగా ఉంది?"

"పెద్దదాని లోపల పెట్టుకో. దీనికి అడుగు లేదు. తాగగలిగినంత తాగి, మిగతాది కిందికి వదిలేస్తుంది."

"అంటే కారుతుందా?"

"కారాలనే చేశాను."

అక్క ఆమె మొహంలోకి చూసింది, వేళాకోళమేమో అని. కాదని తేల్చుకుని లోపలికి వెళ్లింది.

ఆ రోజు ల్యాబ్‌లో ఏ పనీ సాగలేదు. మిల్లీమీటర్ గారికి చెప్పి చూసింది. రెండేసి పెట్టుకునేవాళ్ల కోసం లోపలి ప్యాడ్ విడిగా చేద్దామని.

"అడుగు లేకుండానా? రేపు గొడుగుకి బట్ట తీసేసి అమ్ముదామంటావు. ఒక్కటే వాడండి అని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో వేయిద్దాం, సరిపోతుంది."

"చదువుతారు సార్. చదివి, అర్థం చేసుకుని, రెండు పెట్టుకుంటారు."

"ఎందుకు?"

ఆ ఎందుకుకు జవాబు ఆమె దగ్గర ఉంది. కానీ అది ఆయన వేళ్ల మధ్య ఇమిడేది కాదు. ఆమె అప్పటికప్పుడు పొరలు పేర్చి చూపించిన నమూనాను ఆయన అలవాటు కొద్దీ నొక్కి చూసి, బల్ల మీద పడేసి వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఇంటి గుమ్మంలో ఆమె కూర్చుని ఎదురుచూసింది. మనిషి కన్నా ముందు గొంతు వచ్చింది. వీధి మొదట్లో ఎవరినో ఆపి, అద్దాలు ఉన్నది తల దువ్వుకోవడానికి కాదని అక్క చెబుతోంది. లోపలికి వచ్చి చెప్పులు విడిచి, నీళ్లు తాగింది.

"ఇవాళ ఒకాయన చేతిలో ప్రాణాలు పోయాయనుకో. అద్దం చూడమంటే అద్దాన్నే చూస్తాడు, అందులో వచ్చే బస్సుని చూడడు. బ్రేకు తొక్కీ తొక్కీ కాలు పీకుతోంది." గ్లాసు కింద పెట్టింది. "సీటు పొడి."

కవర్లు రెండూ ఇచ్చింది. ఆమె అక్కడే చేత్తో ఎత్తి చూసింది. తక్కెడ అక్కర్లేదు, చెయ్యి అలవాటు పడింది. లోపలిది బరువెక్కింది. బయటిది కొంచెం తడిసింది. రెండిట్లో ఉన్నది కలిపినా ఆ బయటిది ఒక్కటే తాగేసి, ఇంకా చోటు మిగిల్చుకుని ఉండేది.

"చూశావా, రెండూ తడిశాయి," అంది అక్క. "ఒక్కటే పెట్టుకుని వెళ్లి ఉంటే నా గతేమయ్యేది? నువ్వేమో వాదించావు."

మాట నాలుక చివరదాకా వచ్చింది. అంకెలతో సహా వచ్చింది. ఆమె దాన్ని మింగడానికి ప్రయత్నించింది. అది దిగలేదు, గొంతులోనే అడ్డంగా నిలబడింది. రేపు కూడా అక్కడే ఉంటుందని ఆమెకు తెలుసు.

"అవునక్కా," అంది.

"రేపటికి ఇంకోటి కావాలి. ఎల్లుండికీ. మీ కంపెనీ చేస్తుందా?"

"చెయ్యదు. నేనే చేస్తాను."

"అయితే ఈసారి అంచు చూసుకో. కరకరలాడుతోంది. పొద్దంతా తొడకి గీసుకుపోయింది."

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. ఆదివారమంతా నడుం వంగిపోయేలా కూర్చుని చేసినదానికి మొదటి బహుమానం ఇది. ఇస్త్రీపెట్టెతో అంతకన్నా మెత్తగా అతకడం ఎవరి తరమని అడగబోయి, మధ్యలో ఆగింది. ఇన్ని నెలల్లో అక్క మొహం తిప్పుకోకుండా చెప్పిన మొదటి ఫిర్యాదు అది.

"ఎక్కడ గీసుకుంది?" అంది.

అక్క గుమ్మం తలుపు మూసి, "ఇదిగో, ఇక్కడ," అని చూపించింది.